దోమ కుట్టిన చోట ఇంత వాపు ఎందుకు?
పిల్లల్లో దోమకాటు ఎలర్జీ గురించి తల్లిదండ్రులు తెలుసుకోవలసిన విషయాలు

దోమ కుట్టని ఇల్లు మన ఊళ్ళలో లేదు. కుట్టిన చోట చిన్న దద్దురు లేవడం, కాసేపు దురద పెట్టడం, ఆ తర్వాత తగ్గిపోవడం అందరికీ అనుభవమే. కానీ కొందరు చిన్నపిల్లల్లో ఇది అంత తేలికగా పోదు. రాత్రి పడుకునేటప్పుడు బాగానే ఉన్న బిడ్డ తెల్లవారేసరికి ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయి లేస్తాడు. లేదా మోచేతి నుండి వేళ్ళ వరకు చెయ్యంతా వాచి, ఎర్రబడి, ముట్టుకుంటే వేడిగా ఉంటుంది. ఒళ్ళు కూడా వెచ్చబడుతుంది.

ఇది చూసిన తల్లిదండ్రులు కంగారుపడడం సహజం. ఏదో విషపురుగు కుట్టిందని ఒకరంటారు. చీము పడుతోంది, ఇంజక్షన్ వేయించమని మరొకరంటారు. డెంగ్యూ జ్వరమేమోనని ఇంకొకరు భయపెడతారు. చివరకు చాలామంది పిల్లలకు అవసరం లేని యాంటీబయాటిక్ మందులు పడతాయి. దీనికి వ్యతిరేకంగా కూడా జరుగుతుంది. "దోమే కదా" అని ఊరుకుంటే, నిజంగా చీము పట్టిన పిల్లవాడు ఆలస్యంగా ఆసుపత్రికి వస్తాడు. ఈ రెండు పొరపాట్లూ జరగకుండా ఉండాలంటే దోమకాటు ఎలర్జీ అంటే ఏమిటో, దానిని ఎలా గుర్తుపట్టాలో తెలుసుకోవాలి.

దోమ కుట్టినప్పుడు ఏమి జరుగుతుంది?

దోమ అనగానే రోగాన్ని మోసుకువచ్చే పురుగుగానే మనకు గుర్తుకు వస్తుంది. మలేరియా క్రిమి దోమ కడుపులో పెరుగుతుందని 1897లో రోనాల్డ్ రాస్ కనుగొన్నది మన సికింద్రాబాదులోనే. అయితే ఈ వ్యాసంలో చెప్పే బాధకు ఏ క్రిమీ కారణం కాదు. దోమ లాలాజలమే కారణం.

మనల్ని కుట్టేది ఆడదోమ మాత్రమే. గుడ్లు పెట్టడానికి దానికి రక్తం కావాలి. సన్నని తొండాన్ని చర్మంలోకి దించి, రక్తం పీల్చే ముందు కొంచెం లాలాజలాన్ని లోపలికి వదులుతుంది. రక్తం గడ్డకట్టకుండా, సులువుగా పారేలా చేసే ప్రొటీన్లు ఆ లాలాజలంలో ఉంటాయి. దోమ ఎగిరిపోయినా ఆ ప్రొటీన్లు మన చర్మంలోనే ఉండిపోతాయి.

మన శరీరంలోని రక్షణ వ్యవస్థ వాటిని పరాయి పదార్థాలుగా గుర్తిస్తుంది. వాటికి వ్యతిరేకంగా ఐజీఈ, ఐజీజీ అనే ప్రతిరక్షకాలను తయారుచేసుకుంటుంది. మళ్ళీ దోమ కుట్టినప్పుడు ఈ ప్రతిరక్షకాల వలన చర్మంలోని కొన్ని కణాల నుండి హిస్టమిన్ అనే పదార్థం విడుదలవుతుంది. దురద, ఎరుపు, వాపు దీనివల్లనే కలుగుతాయి. అంటే దద్దురు దోమ పెట్టిన గాయం కాదు, మన శరీరం చూపించే స్పందన. ఈ స్పందన అవసరమైన దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటే దానినే ఎలర్జీ అంటాము.

మామూలుగా ఈ స్పందన రెండు దశల్లో వస్తుంది. మొదటిది కుట్టిన కొద్ది నిమిషాల్లోనే లేచే మెత్తని, పాలిపోయిన దద్దురు. ఇది సుమారు 20 నిమిషాల్లో పెద్దదై, తర్వాత తగ్గిపోతుంది. రెండవది కొన్ని గంటల తర్వాత వచ్చే గట్టి, ఎర్రని, దురద గల పొక్కు. ఇది ఒకటి ఒకటిన్నర రోజుకు బాగా పెరిగి, కొన్ని రోజులకు మానుతుంది.

పిల్లల్లోనే ఎక్కువ ఎందుకు?

"మమ్మల్నీ అవే దోమలు కుడుతున్నాయి. మాకు ఏమీ కాదు, బిడ్డకే ఇలా ఎందుకు?" అని తల్లులు అడుగుతుంటారు. దీనికి సమాధానం చాలాకాలం క్రిందటే తెలిసింది. ఒకే మనిషిని దోమలు పదేపదే కుడుతూ ఉంటే అతని శరీరం స్పందించే తీరు మెట్లు మెట్లుగా మారుతుందని కెన్నెత్ మెలాన్‌బీ అనే ఇంగ్లీషు శాస్త్రవేత్త 1946లో వివరించారు.

జీవితంలో మొట్టమొదటిసారి దోమ కుట్టినప్పుడు ఏ స్పందనా ఉండదు. ఎందుకంటే శరీరానికి ఆ లాలాజలం ఇంకా తెలియదు. కొన్నిసార్లు కుట్టిన తర్వాత ఆలస్యంగా వచ్చే పొక్కు మాత్రమే కనబడుతుంది. తర్వాత వెంటనే లేచే దద్దురు, ఆలస్యంగా వచ్చే పొక్కు రెండూ వస్తాయి. ఇంకా కొంతకాలానికి ఆలస్యపు పొక్కు రావడం మానేసి దద్దురు మాత్రమే లేస్తుంది. చివరకు అది కూడా తగ్గిపోతుంది. పెద్దవారిలో చాలామంది ఈ చివరి మెట్ల దగ్గర ఉంటారు. రెండు మూడేళ్ళ పిల్లలు మధ్య మెట్ల మీద ఉంటారు. అందుకే ఒకే మంచం మీద పడుకున్న తల్లికి చిన్న చుక్క కూడా కనబడకపోయినా బిడ్డకు బుగ్గంతా వాచిపోవచ్చు.

సెలవులకు అమెరికా నుండో మరో దేశం నుండో అమ్మమ్మగారి ఇంటికి వచ్చిన పిల్లలకు దద్దుర్లు ఎక్కువగా రావడానికి కూడా ఇదే కారణం. దోమల జాతులు మారితే లాలాజలంలోని ప్రొటీన్లు కూడా కొంత మారతాయి. తమకు అలవాటు లేని దోమ కుట్టినప్పుడు వారి శరీరం గట్టిగా స్పందిస్తుంది. రోగనిరోధక వ్యవస్థలో లోపం ఉన్నవారికి కూడా ఇలా జరిగే అవకాశం ఎక్కువ.

స్కీటర్ సిండ్రోమ్

దోమ కుట్టిన కొన్ని గంటల్లోనే పెద్ద వాపు, ఎరుపు, వేడి, దానితోపాటు జ్వరం రావడాన్ని వైద్యులు స్కీటర్ సిండ్రోమ్ అని పిలుస్తారు. 'స్కీటర్' అంటే ఉత్తర అమెరికాలో దోమకు వాడుకలో ఉన్న ముద్దుపేరు. కెనడా దేశంలోని విన్నిపెగ్ నగరంలో, మానిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ ఎస్టెల్ సైమన్స్, డాక్టర్ ఝికాంగ్ పెంగ్ 1999లో ఈ పేరుతో ఒక వ్యాసాన్ని ప్రచురించారు. విన్నిపెగ్‌లో శీతాకాలం ఎంత తీవ్రమో వేసవిలో దోమలు కూడా అంత ఎక్కువ.

వారు వివరించింది ఐదుగురు చిన్నపిల్లల సంగతి. అంతకుముందు ఆరోగ్యంగా ఉన్న ఈ పిల్లలకు దోమ కుట్టిన తర్వాత పెద్ద వాపుతో పాటు జ్వరం వచ్చింది. కంటితో చూసినా, చేతితో తడిమినా అది చీము పట్టే వ్యాధిలాగానే కనిపించేది. కానీ వారి రక్తాన్ని పరీక్షించినప్పుడు దోమ లాలాజలానికి వ్యతిరేకంగా ఏర్పడిన ప్రతిరక్షకాలు ఎక్కువగా ఉన్నట్లు తేలింది. అంటే ఆ వాపుకు కారణం బాక్టీరియా కాదు, ఎలర్జీ.

లక్షణాలు ఎలా ఉంటాయి?

• దోమ కుట్టిన కొన్ని గంటల్లోనే వాపు మొదలవుతుంది. రూపాయి బిళ్ళంత దగ్గర మొదలై అరచేయి అంత, కొన్నిసార్లు అంతకంటే పెద్దదిగా పాకుతుంది.
• కుట్టిన చోట ఎర్రగా, వేడిగా, గట్టిగా ఉంటుంది. దురద ఎక్కువ. కొంత నొప్పి కూడా ఉండవచ్చు.
• కనురెప్ప, పెదవి, చెవి, చేతి వేళ్ళు, పాదం, మగపిల్లల మర్మాంగం వంటి మెత్తని చోట్ల కుడితే వాపు చూడడానికి మరీ భయంకరంగా ఉంటుంది.
• కొందరిలో వాపు మీద నీటి బొబ్బ లేస్తుంది. కొందరిలో కమిలినట్లు నల్లబడుతుంది.
• కొంచెం జ్వరం, చిరాకు, ఒకటి రెండు వాంతులు ఉండవచ్చు.

ఈ వాపు సాధారణంగా ఒకటి రెండు రోజులు పెరిగి, తర్వాత తగ్గుముఖం పడుతుంది. పూర్తిగా తగ్గడానికి 3 నుండి 10 రోజులు పట్టవచ్చు. ఆ చోట నల్లని మచ్చ కొన్ని వారాలు, నెలలు నిలిచిపోవచ్చు. దానికి భయపడనవసరం లేదు.

ఎలర్జీయా? చీము పట్టిందా?

తల్లిదండ్రులు తెలుసుకోవలసిన ముఖ్యమైన విషయం ఇదే. చర్మం క్రింది పొరల్లో బాక్టీరియా చేరి వచ్చే వాపును సెల్యులైటిస్ అంటారు. దానికి యాంటీబయాటిక్ తప్పనిసరిగా కావాలి. ఎలర్జీ వాపుకు యాంటీబయాటిక్ వలన ఏ ప్రయోజనమూ లేదు. పైగా విరేచనాలు, ఒంటి మీద దద్దుర్లు వంటి ఇబ్బందులు రావచ్చు. అనవసరంగా వాడినకొద్దీ ఆ మందుకు లొంగని క్రిములు పెరుగుతాయి. రెండూ ఎర్రగా, వేడిగా, వాపుగానే ఉంటాయి కాబట్టి తేడాను ఎలా తెలుసుకోవాలి?

మొదట గడియారం చూడండి. ఎలర్జీ వాపు దోమ కుట్టిన కొన్ని గంటల్లోనే, చాలావరకు ఒక రోజు లోపలే వస్తుంది. క్రిములు చేరి పెరగడానికి సమయం పడుతుంది కాబట్టి సెల్యులైటిస్ సాధారణంగా ఒకటి రెండు రోజులు గడిచాక, ఎక్కువగా గోకి పుండు చేసుకున్న చోట మొదలవుతుంది. "నిన్న సాయంత్రం ఏమీ లేదు, పొద్దున్నకి ఇంత వాపు" అంటే ఎలర్జీ అనుకోవచ్చు. "నాలుగు రోజుల క్రితం కుట్టింది, తగ్గినట్లే తగ్గి మళ్ళీ నిన్నటి నుండి నొప్పి, వాపు" అంటే క్రిములు చేరాయేమోనని అనుమానించాలి.

రెండవది, దురదా నొప్పా గమనించండి. ఎలర్జీలో పిల్లవాడు గోకుతూ ఉంటాడు. సెల్యులైటిస్‌లో ముట్టుకోనివ్వడు. సలుపు, నొప్పి రోజురోజుకూ ఎక్కువవుతాయి.

మూడవది, పిల్లవాడిని చూడండి. ఎలర్జీ అయితే వాపు ఎంత ఉన్నా, కొంచెం జ్వరం ఉన్నా చాలావరకు ఆడుకుంటాడు, అన్నం తింటాడు. క్రిములు చేరితే నీరసపడి, చలితో జ్వరం వచ్చి, పడుకునే ఉంటాడు.

ఒక చిన్న ఉపాయం: వాపు అంచు చుట్టూ బాల్ పెన్నుతో గీత గీసి, పక్కన సమయం రాసుకోండి. ఫోనులో ఒక ఫోటో తీసి ఉంచుకోండి. మొదటి ఒకటి రెండు రోజుల్లో వాపు కొంత గీత దాటవచ్చు. రెండు రోజులు దాటిన తర్వాత కూడా ఎరుపు గీతను దాటి పాకుతూ ఉంటే, అక్కడి నుండి పైకి ఎర్రని చారలు కనిపిస్తే, చంకలో గాని గజ్జల్లో గాని నొప్పితో బిళ్ళ కడితే, చీము కారితే, వెంటనే డాక్టరుకు చూపించాలి. మొదట ఎలర్జీగా వచ్చిన వాపు కూడా గోకడం వలన తర్వాత చీము పట్టవచ్చని మరవవద్దు.

జ్వరం ఉంది కదా, డెంగ్యూ కాదా?

ఇక్కడ కూడా రోజుల లెక్కే సహాయపడుతుంది. డెంగ్యూ దోమ కుట్టిన రోజే జ్వరం రాదు. సాధారణంగా 4 నుండి 10 రోజుల తర్వాత వస్తుంది. మలేరియాకు కనీసం ఒక వారం, తరచుగా అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది. కాబట్టి రాత్రి కుట్టిన దోమ వలన పొద్దున్నే వచ్చిన వాపు, జ్వరం ఆ దోమ తెచ్చిన డెంగ్యూ కాదు.

అయితే పోయిన వారం కుట్టిన మరొక దోమ వలన డెంగ్యూ వచ్చే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. అందుచేత వాపు తగ్గుతున్నా జ్వరం రెండు రోజులకు మించి ఉంటే, జ్వరం ఎక్కువగా ఉంటే, చలి వణుకు, తీవ్రమైన తలనొప్పి, ఒళ్ళునొప్పులు, కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుండి గాని ముక్కు నుండి గాని రక్తం వంటివి కనిపిస్తే రక్తపరీక్ష చేయించాలి. మూడు నెలలలోపు పసిబిడ్డకు ఏ జ్వరం వచ్చినా ఇంట్లో ఉంచకుండా ఆసుపత్రికి తీసుకురావాలి.

ఇంట్లో ఏమి చేయాలి?

1. కుట్టిన చోటును సబ్బు, మంచినీళ్ళతో కడగండి.
2. చల్లని నీటిలో తడిపిన గుడ్డను 10 నిమిషాల చొప్పున, రోజుకు నాలుగైదు సార్లు వేయండి. ఐసు ముక్క వాడితే గుడ్డలో చుట్టి వాడండి. నేరుగా చర్మం మీద పెట్టకూడదు.
3. చెయ్యి గాని కాలు గాని వాస్తే పడుకున్నప్పుడు దిండు మీద ఎత్తులో ఉంచండి. గాజులు, ఉంగరాలు, మొలతాడు, కాలి పట్టీలు బిగుసుకోకముందే తీసివేయండి.
4. పిల్లల గోళ్ళు కత్తిరించండి. పసివారికి రాత్రిపూట చేతులకు మెత్తని గుడ్డ తొడుగులు వేయవచ్చు.
5. దురదకు కాలమిన్ లోషన్ రాయవచ్చు. కళ్ళ దగ్గర, పుండ్ల మీద రాయవద్దు.
6. సెట్రిజిన్ వంటి ఎలర్జీ మందు సిరప్ రూపంలో దొరుకుతుంది. బిడ్డ వయసు, బరువు చూసి డాక్టరు చెప్పిన మోతాదులోనే ఇవ్వండి. మత్తు కలిగించే పాతకాలపు ఎలర్జీ మందులను చిన్నపిల్లలకు సొంతంగా ఇవ్వకూడదు. ముఖ్యంగా ప్రోమెథజిన్ రెండేళ్ళలోపు పిల్లలకు ఇవ్వరాదు. ఊపిరికి ప్రమాదం.
7. జ్వరానికి పారాసిటమాల్ చాలు. బరువులో కిలోకు 15 మిల్లీగ్రాముల చొప్పున, ఆరు గంటలకు ఒకసారి ఇవ్వవచ్చు. సీసాలో ఎంత మందు ఉన్నదో లేబుల్ చదివి లెక్క చూసుకోండి. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకూడదు. డెంగ్యూ అనుమానం ఉంటే ఐబుప్రోఫెన్ కూడా వద్దు.

వాపు ఎక్కువగా ఉంటే డాక్టరు కొద్ది రోజులు రాయడానికి స్టెరాయిడ్ క్రీము ఇస్తారు. మరీ తీవ్రంగా ఉంటే రెండు మూడు రోజులు నోటి ద్వారా స్టెరాయిడ్ మందు ఇవ్వవచ్చు. ఇవి డాక్టరు పర్యవేక్షణలో వాడితే మేలు చేసే మందులు. మందుల షాపులో అడిగి తెచ్చుకుని నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి, మచ్చలు పడతాయి. కనురెప్పల మీద, ముఖం మీద అసలే సొంతంగా రాయవద్దు.

ఏమి చేయకూడదు?

సున్నం, కిరోసిన్, టూత్‌పేస్టు, బ్యాటరీ మసి వంటివి రాయకండి. వాటివల్ల చర్మం కాలి పుండు పడుతుంది. అప్పుడు నిజంగానే క్రిములు చేరతాయి. పసివారికి కర్పూరం కలిపిన నూనెలు, బామ్‌లు రాయడం ప్రమాదకరం. కర్పూరం ఒంట్లోకి వెళితే ఫిట్స్ రావచ్చు. నీటి బొబ్బను సూదితో గుచ్చవద్దు. వాచిన చోటికి పైన తాడు కట్టవద్దు. అన్నయ్యకు రాసిన యాంటీబయాటిక్ సీసాలో మిగిలినది తమ్ముడికి పోయవద్దు.

వెంటనే ఆసుపత్రికి తీసుకురావలసిన లక్షణాలు

దోమకాటు వలన ఒళ్ళంతా తీవ్రమైన ఎలర్జీ రావడం చాలా అరుదు. కందిరీగలు, తేనెటీగలు కుట్టినప్పుడు అది ఎక్కువ. కానీ దోమ వలన కూడా రావచ్చు కాబట్టి లక్షణాలు తెలిసి ఉండాలి.

• కుట్టిన చోటనే కాక ఒళ్ళంతా దద్దుర్లు లేవడం
• నాలుక, గొంతు వాయడం, గొంతు బొంగురుపోవడం, మింగలేకపోవడం
• ఆయాసం, పిల్లికూతలు
• తల తిరగడం, ఒళ్ళు చల్లబడడం, పాలిపోవడం, స్పృహ తప్పడం
• వీటితోపాటు పదేపదే వాంతులు, కడుపునొప్పి

వీటిలో ఏవైనా కుట్టిన కొద్దిసేపటిలోనే కనిపిస్తే ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయవద్దు. 108కి ఫోను చేయండి, లేదా దొరికిన వాహనంలో దగ్గరి ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు కొంచెం ఎత్తులో ఉంచండి. ఊపిరి ఆడకపోతే కూర్చోబెట్టండి. నడిపించవద్దు. ఈ పరిస్థితిలో ప్రాణం కాపాడేది తొడ కండరానికి ఇచ్చే అడ్రినలిన్ ఇంజక్షన్. ఎలర్జీ మాత్ర వేసి చూద్దామని ఇంట్లో ఎదురుచూడకూడదు.

కంటి విషయంలో ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. రెప్ప వాచినా వేళ్ళతో నెమ్మదిగా తెరిచినప్పుడు తెల్లగుడ్డు తెల్లగా ఉండి, గుడ్డు అన్నివైపులా నొప్పి లేకుండా కదులుతూ, చూపు బాగా ఉంటే చాలావరకు ఎలర్జీ వాపే. గుడ్డు ముందుకు పొడుచుకు వచ్చినా, కదిపితే నొప్పి ఉన్నా, చూపు మసకబారినా, జ్వరం ఎక్కువగా ఉన్నా అది కంటి వెనుక క్రిములు చేరిన లక్షణం. అదే రోజు ఆసుపత్రిలో చేర్చాలి. ఇంకొక మాట. రెండు కళ్ళూ దురద లేకుండా ప్రతిరోజూ ఉదయం ఉబ్బి, మూత్రం తగ్గుతూ ఉంటే అది దోమకాటు కాకపోవచ్చు. మూత్రపిండాల జబ్బుకు మూత్ర పరీక్ష చేయించాలి.

అరుదైన మరొక జబ్బు

దోమ కుట్టిన ప్రతిసారీ తీవ్రమైన జ్వరం వచ్చి, కుట్టిన చోట బొబ్బలేచి, నల్లగా కుళ్ళి, లోతైన మచ్చ మిగులుతూ ఉంటే, మెడలో బిళ్ళలు కట్టడం, కాలేయం, ప్లీహం పెరగడం కూడా ఉంటే అది మామూలు ఎలర్జీ కాదు. ఎప్‌స్టీన్-బార్ అనే వైరస్ కొన్ని రక్తకణాల్లో దీర్ఘకాలం నిలిచిపోవడం వలన ఇలా జరుగుతుంది. దీనిని ఎక్కువగా జపాన్ దేశంలోని పిల్లల్లో, యువకుల్లో గుర్తించారు. కొందరిలో ఇది తర్వాత రక్త సంబంధమైన క్యాన్సరుకు దారితీయవచ్చు. చాలా అరుదైనదే అయినా ఈ లక్షణాలున్న బిడ్డను పెద్ద ఆసుపత్రిలో రక్త వ్యాధుల నిపుణులకు చూపించాలి.

డాక్టరు ఎలా గుర్తిస్తారు?

ఎక్కువగా మీరు చెప్పే సంగతుల ద్వారానే గుర్తిస్తారు. దోమలాలాజలానికి ఎలర్జీ ఉన్నదో లేదో ఖచ్చితంగా చెప్పే పరీక్ష మామూలు ఆసుపత్రుల్లో అందుబాటులో లేదు. ఖరీదైన 'ఎలర్జీ ప్యానెల్' పరీక్షలు ఈ బాధకు సాధారణంగా అవసరం లేదు. కాబట్టి ఆసుపత్రికి వచ్చేటప్పుడు ఈ వివరాలు సిద్ధంగా ఉంచుకోండి: ఎప్పుడు కుట్టింది, ఎన్ని గంటలకు వాపు మొదలైంది, ఇంతకుముందు ఇలా ఎన్నిసార్లు వచ్చింది, ఎన్ని రోజుల్లో తగ్గింది, జ్వరం ఎంత ఉంది, ఏ మందులు వేశారు. మొదటి రోజు తీసిన ఫోటో ఉంటే చూపించండి.

తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

ప్రశ్న: వంకాయ, గోంగూర, గుడ్డు, చేపలు మానిపించాలా?
జవాబు: అవసరం లేదు. ఈ ఎలర్జీ దోమ లాలాజలానికి వచ్చినది, తిండికి కాదు. పెరిగే బిడ్డకు పత్యం పేరుతో పోషకాహారం తగ్గించకండి.

ప్రశ్న: కాలు ఇంత వాచింది. బోదకాలు అవుతుందా?
జవాబు: కాదు. బోదకాలు కూడా దోమ ద్వారానే వస్తుంది గాని, ఒక రాత్రిలో రాదు. వ్యాధి ఉన్న చోట ఎన్నో నెలలు, సంవత్సరాలు దోమలు కుట్టి, క్రిములు శరీరంలో పెరిగిన తర్వాత, చాలావరకు పెద్ద వయసులో కాలు వాస్తుంది.

ప్రశ్న: ఇది ఇతర పిల్లలకు అంటుకుంటుందా? బడి మానిపించాలా?
జవాబు: అంటుకోదు. జ్వరం లేకపోతే బడికి పంపవచ్చు. గోకి చీము పట్టిన పుండ్లు మాత్రం అంటుకుంటాయి. వాటికి చికిత్స చేయించి పంపండి.

ప్రశ్న: కొత్తగా దోమ కుడితే మానిపోయిన పాత చోట్ల కూడా పొక్కులు లేస్తున్నాయి. ఎందుకు?
జవాబు: రెండేళ్ళ నుండి పదేళ్ళ వయసు పిల్లల్లో ఇది సాధారణం. పాత చోట్ల నిద్రపోయిన ఎలర్జీ మళ్ళీ మేల్కొంటుంది. దోమలే కాక నల్లులు, పిల్లుల, కుక్కల ఒంటి మీది ఈగలు కుట్టినా ఇలా జరుగుతుంది. మంచాలు, పరుపులు కూడా వెదకండి.

ప్రశ్న: ఇది జీవితాంతం ఉంటుందా?
జవాబు: చాలామందిలో ఉండదు. ముందు చెప్పినట్లు వయసు పెరిగేకొద్దీ శరీరం అలవాటుపడి తగ్గిపోతుంది.

నివారణే అసలు మందు

ఈ ఎలర్జీని పూర్తిగా పోగొట్టే టీకా ఇంతవరకు వాడుకలోకి రాలేదు. కాబట్టి దోమ కుట్టకుండా చూడడమే ప్రధానం.

దోమతెర అన్నిటికంటే మంచిది. పసిబిడ్డకు గొడుగు తెర పగలు కూడా వేయండి. ఎందుకంటే డెంగ్యూను వ్యాపింపజేసే ఈడిస్ దోమ పగలే, ముఖ్యంగా ఉదయం, సూర్యాస్తమయానికి ముందు కుడుతుంది. మురుగుకాలువల్లో పెరిగే క్యూలెక్స్ దోమ రాత్రి కుడుతుంది. కిటికీలకు జాలీ కొట్టించండి. ఫ్యాను గాలికి దోమలు సరిగా ఎగరలేవు. సాయంకాలం కూటములకు, పెళ్ళిళ్ళకు, పొలానికి తీసుకువెళ్ళేటప్పుడు పిల్లలకు చేతులు, కాళ్ళు కప్పే లేతరంగు నూలు బట్టలు వేయండి.

దోమలను తరిమే క్రీము కొనేముందు ఏ వయసు పిల్లలకు వాడవచ్చో లేబుల్ మీద చదవండి. రెండు నెలలలోపు బిడ్డకు వాడవద్దు. పిల్లల అరచేతులకు, కళ్ళ దగ్గర, నోటి దగ్గర, పుండ్ల మీద రాయవద్దు. ఇంటికి వచ్చాక కడిగివేయండి. దోమల బత్తి పొగ ఉబ్బసం ఉన్న పిల్లలకు పడదు. ప్లగ్గుకు పెట్టే ద్రవం సీసాలను పిల్లలు తాగే ప్రమాదం ఉంది కాబట్టి చేతికి అందకుండా ఉంచండి.

దోమ గుడ్డు పెద్ద దోమగా మారడానికి మన వాతావరణంలో సుమారు 7 నుండి 10 రోజులు చాలు. కనుక వారానికి ఒకరోజు నీటి కుండీలు, డ్రమ్ములు, కూలర్లు ఖాళీ చేసి, గోడలు రుద్ది ఆరబెట్టండి. పాత టైర్లు, కొబ్బరి చిప్పలు, పూలకుండీల క్రింది పళ్ళేలు, ఫ్రిజ్ వెనుక ట్రే చూడండి. ఇది ఒక్క ఇల్లు చేస్తే చాలదు, వీధి అంతా చేయాలి.

ప్రతి ఏడాదీ ఈ బాధ తీవ్రంగా వచ్చే పిల్లలకు దోమల కాలంలో ముందుగానే ఎలర్జీ మందు వాడే పద్ధతి ఉంది. ఫిన్లాండ్ దేశంలో జరిగిన అధ్యయనాల్లో ఇలా ముందుగా మందు తీసుకున్నవారిలో దద్దురు, దురద తగ్గినట్లు తేలింది. మీ బిడ్డకు ఇది అవసరమో కాదో డాక్టరు నిర్ణయిస్తారు.

గుర్తుంచుకోండి

• కుట్టిన కొన్ని గంటల్లోనే వచ్చిన వాపు, దురద చాలావరకు ఎలర్జీ. యాంటీబయాటిక్ అవసరం లేదు.
• ఒకటి రెండు రోజుల తర్వాత మొదలై, నొప్పితో పెరిగే వాపు క్రిముల వలన కావచ్చు. డాక్టరుకు చూపించండి.
• జ్వరం రెండు రోజులు దాటితే రక్తపరీక్ష చేయించండి.
• ఆయాసం, గొంతు వాపు, స్పృహ తప్పడం కనిపిస్తే వెంటనే 108.
• వాపు చుట్టూ పెన్నుతో గీత గీసి, సమయం రాసి, ఆసుపత్రికి వచ్చేటప్పుడు డాక్టరుకు చెప్పండి. మీరు ఇచ్చే ఈ చిన్న సమాచారం వలన మీ బిడ్డకు సరైన మందు పడుతుంది, అనవసరమైన మందు తప్పుతుంది.